చేటెడు తవుడుకు అమ్మిన బిడ్డ

నాంచారమ్మకి బిడ్డలు నిలిచేవోళ్ళు కాదంట. కడుపు పండేది, పురుడు వచ్చేది, ఉయ్యాల కట్టేవోళ్ళు, ఆ ఉయ్యాల తాడు ఇంకా కొత్తగా ఉండంగానే విప్పేసేవోళ్ళు. ఒకసారి కాదు, రెండోసారీ అట్టాగే అయింది. ఇల్లు చూస్తే పెద్దిల్లు. గొడ్డూ గోదా, పాడీ పంటా, దేనికీ లోటు లేదు. మొగుడు బసవయ్యేమో నోట్లో నాలుక లేని మనిషి. ఏముంటే ఏంది, ఇంట్లో పిల్ల ఏడుపు లేకపోయాక? ఏమే కోటమ్మా, కాదంటావా? నువ్వు పిల్లల గోల పడలేక ఇక్కడికొచ్చి కూచున్నావు, నీకెట్టా తెలుసుద్దిలే. సరే, మూడో కాన్పు. ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా, నల్లటి జుట్టుతో. నాంచారమ్మ ఆ పిల్లని చూసి నవ్వలా, ఏడిచిందంట. ఎందుకు ఏడుస్తన్నావే అంటే, ఇది మాత్రం ఎన్నాళ్ళుంటది అత్తా అందంట.

అత్త పున్నమ్మ గట్టి మనిషి. చూపు ఆనదు గానీ బుర్ర పాదరసం అనుకో. ఆవిడ ఏమందంటే, ఒసే, పిల్లల్ని తీసుకుపోయే యముడి బంటు ఒకడుంటాడు, వాడికి మనిల్లు అలవాటైపోయింది, నాంచారమ్మ బిడ్డ ఏదీ అని అడగతా వస్తాడు, బిడ్డ నీదైతేగదా వాడు తీసుకుపోయేది, దీన్ని అమ్మేద్దాం అంది. అమ్మడమేంది అత్తా అని ఈవిడ గోల. ఉత్తుత్తి అమ్మకం కాదే, నిజంగానే అమ్మాల, చేటెడు తవుడుకి అమ్మాల, పిల్లలు పుట్టని ఇంటికి అమ్మాల, ఆ గుమ్మానికి వాడికి దారి తెలియదు అంది. అట్టాంటి ఇల్లు ఊళ్ళో ఒకటే ఉంది, మేదర గురవమ్మది. ఊరి చివర గుడిసె, బుట్టలూ చేటలూ అల్లుకుని బతికే మనిషి, మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మొగుడి కోసం వాడొచ్చాడు గదా, దారి తెలియకపోడమేందని అడుగుతావేమో, పెద్దోళ్ళ కోసం వచ్చే బంటు వేరు, పిల్లల కోసం వచ్చే బంటు వేరు. నాకెట్టా తెలుసా? మా అమ్మ చెప్పింది. నోరు మూసుకుని విను.

గురవమ్మ చేటలో తవుడు పోసుకుని వచ్చి గుమ్మంలో పెట్టిందంట. నాంచారమ్మ బేరం ఒప్పుకున్నట్టు ఆ తవుడులో చెయ్యిపెట్టి పిల్లని ఇచ్చింది. గురవమ్మ పిల్లని ఎత్తుకుని, ఇది నా బిడ్డ, దీని పేరు తవిటమ్మ, అమ్మగోరూ, నా గుడిసెలో పాలు లేవు, మీరే సాకి పెట్టండి అని మళ్ళా ఆవిడ ఒళ్ళోనే పెట్టింది. పెట్టి, పోలేక పోలేక పోయిందంట. తవుడు చేటతో వచ్చిన మనిషి, బిడ్డ తల్లయి పోతంది మరి.

ఇంక ఏటా పుట్టినరోజుకి ఏం జరిగేదంటే, పొద్దున్నే పిల్లని గురవమ్మ గుడిసెకి పంపాల. తలకి నూనె పెట్టేది గురవమ్మ, నీళ్ళు పోసేది గురవమ్మ, కొత్త గుడ్డ కట్టి, బుగ్గన చుక్క పెట్టి, బెల్లం పరమాన్నం మొదటి ముద్ద పెట్టేది కూడా గురవమ్మే. అయ్యేదాకా నాంచారమ్మ గుడిసె బయట ఎండలో నిలబడి ఉండాల. అంతా అయినాక చెంగు పట్టి అడగాల, అమ్మా గురవమ్మా, నీ బిడ్డని ఇంకో ఏడు సాకుతా, ఇస్తావా తల్లీ? అని. అప్పుడు గురవమ్మ, సాకు, కంట నీరు పెట్టనీయకుండా సాకు అని పిల్లతో పాటు చేటెడు తవుడు ఇచ్చేది, సాకినందుకు కూలి అన్నమాట. ఏడాది పొడుగునా గురవమ్మ బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆ పెద్దింటి వాకిట్లో నిలబడితే, ఆ ఒక్క రోజు పెద్దింటావిడ గురవమ్మ వాకిట్లో నిలబడేది. గురవమ్మ ఆ రోజు కోసమే బతికేదనుకో. ఇంకొకటుంది, అసలుది. ఐదేళ్ళు నిండేదాకా నాంచారమ్మ నోట "నా బిడ్డ" అనే మాట రాకూడదు. నిద్రలో కూడా రాకూడదు. ఐదో పుట్టినరోజు నాడు కొత్త చేటలో తవుడు తీసుకుని తనే పోయి, తన నోటితో అడిగి, తన చేత్తో ఇచ్చి కొనుక్కోవాల. అప్పుడు గండం గడిచినట్టు. పిల్ల మాత్రం దివ్యంగా పెరిగింది. ఉయ్యాల దాటింది, గడప దాటింది, చెట్లెక్కింది.

ఇట్టా సాగతా ఉంటే ఏమైందంటే, నాలుగో పుట్టినరోజుకి బసవయ్య చెల్లెలు మాణిక్యమ్మ వచ్చింది. ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అన్నారా! ఎండలో నిలబడ్డ వదినని చూసి ముక్కున వేలేసుకుంది. మా అన్న కూతురు మేదర గుడిసెలో మొదటి ముద్ద తినడమేంది వదినా, నువ్వు దానికి తల్లీ అని దండం పెట్టడమేంది, మా అత్తారి ఊళ్ళో తెలిస్తే నా మొహం యాడ పెట్టుకోను అంది.  ఆ మాట నాంచారమ్మకి ముల్లులాగా దిగింది. పైగా నాలుగేళ్ళనుంచి పిల్ల నిక్షేపంలాగా ఉంది గదా, భయం పలచబడింది. ఏరు దాటినాక తెప్ప తగలేసే బుద్ధి మనందరికీ ఉందిలే, ఆవిడనొక్కదాన్ని అనడమెందుకు.

ఐదో పుట్టినరోజు వచ్చింది. మాణిక్యమ్మ ముందురోజే దిగింది, చుట్టాలందరినీ పిలిపించింది. నాంచారమ్మ ఏం జేసిందయ్యా అంటే, చేటలో తవుడు పోసి పాలేరు చేతికిచ్చి, గురవమ్మ గుడిసె ముందు పెట్టి రా పో అని పంపింది. తను పోలా. అత్త పున్నమ్మ, తవుడు ఇచ్చొచ్చావా అని అడిగితే, ఇచ్చాం అత్తా అంది. "ఇచ్చాను" అన్లా చూడు, "ఇచ్చాం" అంది. ముసలమ్మకి అర్థం కాలా. అక్కడ గురవమ్మ నీళ్ళు కాచి పెట్టుకుని, పరమాన్నం వండుకుని, కొత్త పరికిణీ గుడ్డ మడత మీద చెయ్యేసి కూచుని ఉంది. పాలేరు వచ్చాడు, చేట గుమ్మంలో పెట్టాడు, పోయాడు. అంతే. ఆవిడ ఆ చేట వంక చూస్తా కూచుంది. కాచిన నీళ్ళు చల్లారిపోయినయ్.

ఇక్కడ పెద్దింట్లో పిల్లకి పట్టు పరికిణీ కట్టారు, హారతిచ్చారు, వసారా పొడుగునా విస్తళ్ళు వేశారు. బూరెలు, పులిహోర, పరమాన్నం, నెయ్యి ధార కట్టి పోస్తన్నారు. నాంచారమ్మ పిల్లని చంకనేసుకుని వరస మధ్యలో నిలబడి, ఐదేళ్ళ మాట గొంతులో ఉంది గదా, ఆగలేకపోయింది. అందరూ వినండి, ఇది నా బిడ్డ! నా కడుపున పుట్టిన నా బిడ్డ! అని గట్టిగా అంది. అనంగానే కళ్ళెంబడి నీళ్ళు కారినయ్. పాపం, తల్లిగదా, ఆ మాట అనాలని ఎవరికుండదు?

వరస చివర నల్ల గొంగళి కప్పుకుని ఒకడు కూచుని ఉన్నాడు. ఎవరి తరపు చుట్టమో ఎవరికీ తెలియదు, వాళ్ళు వీళ్ళ చుట్టం అనుకున్నారు, వీళ్ళు వాళ్ళ చుట్టం అనుకున్నారు. బూరెల మీద బూరెలు తింటన్నాడు. ఆ మాట వినంగానే తల ఎత్తి, ఏమ్మా, నాంచారమ్మవి నువ్వే గదా, ఆ పిల్ల నీ బిడ్డే గదా? అన్నాడు. అవునయ్యా అంది సంతోషంగా. బతికించావు తల్లీ, ఐదేళ్ళనుంచి తిరగతన్నా, ఎప్పుడొచ్చినా ఈ ఇంట్లో నాంచారమ్మకి బిడ్డ లేదంటన్నారు, మా దొర దగ్గర మాటలు పడలేక చచ్చిపోతన్నా అన్నాడు. ఇంకేముంది! గంతులేసే పిల్ల మెడ వాల్చేసింది. అమ్మా చలేస్తంది అంది. ఒళ్ళు చూస్తే పెనం కాలినట్టు కాలతంది.

నాంచారమ్మ పోయి అత్త కాళ్ళమీద పడింది. అత్తా, తవుడు నేనివ్వలా, పాలేరు చేత పంపించా అంది. పున్నమ్మ తిట్టలా, కొట్టలా. తిట్టడానికి టైమేది? ముసలమ్మ తడుముకుంటా గొంగళివోడి కాడికి పోయి, నాయనా, విస్తరి ముందు కూచుని పనుల మాటలేంది, మజ్జిగన్నం తినకుండా లేస్తే అన్నానికి అవమానం, ఎవరికైనా అంతే, కూచో అంది. నిజమేనమ్మా, పైన ఈ నెయ్యి ఎవరు పోస్తారు నాకు అని వాడు సర్దుకుని కూచున్నాడు. పున్నమ్మ కోడలి వంక తిరిగి, నేను వీడికి వడ్డిస్తానే ఉంటా, మజ్జిగ మాత్రం పొయ్యను, నువ్వు పరిగెత్తు అంది.

నాంచారమ్మ పిల్లని భుజాన వేసుకుని చెప్పులన్నా లేకుండా పరిగెత్తింది. గుడిసె గుమ్మంలో తవుడు చేట పాలేరు పెట్టింది పెట్టినట్టే ఉంది. గురవమ్మా, ఇందులో చెయ్యి పెట్టావా? అంది. గురవమ్మ లేవలా. నేనెందుకు పెడతా అమ్మగోరూ, బిడ్డని ఇచ్చేటప్పుడు మీ చేత్తో ఇచ్చారు, తీసుకునేటప్పుడు పాలేరొచ్చి గొడ్డుకి కుడితి పెట్టినట్టు పెట్టిపోతే, నేను చెయ్యి పెడతానా, పెట్టలా, పెట్టను అంది. నాంచారమ్మ ఆ గుమ్మంలోనే కూలబడి, జరిగిందంతా చెప్పి, బతికించావే తల్లీ, అయితే ఇది ఇంకా నీ బిడ్డే, నీ బిడ్డే అని గురవమ్మ చేతులు పట్టుకుని మొహానికి అద్దుకుంది. చూశారా, కోపం పాడుదంటారు గానీ, ఆ రోజు గురవమ్మకి కోపం రాకపోతే ఏమయ్యేది? గురవమ్మ పిల్ల ఒళ్ళు ముట్టుకుని, అయ్యో నా తల్లీ అని ఎత్తుకుంది. కోపం మీద కోపం, ప్రేమ మీద ప్రేమ, రెండూ ఆవిడకి ఒక్కసారే వచ్చినయ్. నలుగురిలో నీ బిడ్డ అన్నావు గదా, ఆ నలుగురిలోనే నా బిడ్డ అని చెప్పు, నడువు అంది. ఈసారి అమ్మగోరూ లేదు, మీరూ లేదు.

వీళ్ళు వచ్చేసరికి ఇంట్లో బూరెలు అయిపోయినయ్, పులిహోర అయిపోయింది, మాణిక్యమ్మ చేత కూడా పరిగెత్తించి ఇరుగింటి పచ్చళ్ళు తెప్పించి వేస్తంది పున్నమ్మ. వాడు, అమ్మా, మజ్జిగ, మజ్జిగ అంటన్నాడు. గురవమ్మ పిల్లని ఎత్తుకుని వాడి ఎదురుగా నిలబడి, ఎవరి బిడ్డ కావాల నీకు? అంది. నాంచారమ్మ బిడ్డ అన్నాడు వాడు. అప్పుడు నాంచారమ్మ చుట్టాలందరి ముందరా, ఆడబిడ్డ ముందరా, రెండు చేతులూ జోడించి, అయ్యా, నాకు బిడ్డల్లేరు, ఇది గురవమ్మ బిడ్డ, నేను సాకే దాన్ని అంది. మరి ఇందాక నీదన్నావే? అన్నాడు. సాకి సాకి ఆశ పడ్డానయ్యా, సాకినోళ్ళు ఆశ పడరా? అంది. వాడు ఆలోచించాడు. పోనీ, ఎప్పుడు కొనుక్కుంటావో చెప్పు, ఆ రోజుకే వస్తా, ఊరికే తిరగలేను అన్నాడు. నాంచారమ్మ పిల్ల వంక చూసింది. గురవమ్మ భుజం మీద పిల్ల తల. కొనుక్కోను, ఎప్పటికీ కొనుక్కోను అంది. ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో, అన్నాక అంత తేలికైందంట.

పున్నమ్మ మజ్జిగ పోసింది. వాడు తాగి, తేన్చి, భోజనం మాత్రం బాగుందమ్మా అని గొంగళి దులుపుకుని పోయాడు. పిల్ల కళ్ళు తెరిచి బూరె కావాలంది. బూరెలు యాడున్నయ్, అన్నీ వాడే మింగాడు గదా! గురవమ్మ ఇంటికి పోయి పొద్దున వండిన పరమాన్నం తెచ్చి ముద్ద పెట్టింది. అప్పుడు నాంచారమ్మ వాకిట్లోకి దిగి నిలబడి, తన ఇంటి వాకిట్లోనే చూడండి, అమ్మా, నీ బిడ్డని ఇంకో ఏడు సాకుతా, ఇస్తావా తల్లీ అని అడిగింది.

అట్టాగే ఏటా అడగతానే ఉంది. తవిటమ్మ పెద్దదైంది, పెళ్ళయింది, పిల్లల తల్లయింది, అప్పటికీ పుట్టినరోజుకి వచ్చి గురవమ్మ చేతి ముద్ద తినేది. గురవమ్మ ముసలిదై మంచం పట్టినాక తవిటమ్మని పిలిపించి, నేను పోతే, ఎంత పెద్దదానివైనా నువ్వు మళ్ళా మీ అమ్మ బిడ్డల లెక్కలోకి పోతావు, వాడికి దారి దొరుకుద్ది, కాబట్టి పోయి చేటలో తవుడు తీసుకురా అంది. అమ్మని రమ్మననా అంది ఈ పిల్ల. మీ అమ్మొద్దు, నువ్వే పెట్టు, నిన్ను నీకే అమ్ముతన్నా, ఇంక నువ్వు ఎవరి బిడ్డవీ కాదు, ఎవడొచ్చి ఎవరి పేరు చెప్పి అడిగినా నువ్వు దొరకవు అంది. తవిటమ్మ ఏడుస్తా తవుడు పెట్టింది. గురవమ్మ అందులో గుప్పెడు తీసుకుని గట్టిగా పట్టుకుంది. పోయేదాకా ఆ గుప్పిట విప్పలేదంట.

నాంచారమ్మకి ఇంక భయం లేదు గదా, ఇప్పుడన్నా నా బిడ్డ అను అని అందరూ అన్నారు. అన్లేదంట. బతికినన్నాళ్ళూ ఆ మాట అన్లేదు. తవిటమ్మ మాత్రం రోజుకి వందసార్లు మా అమ్మ, మా అమ్మ అనేది. దానికి అడ్డేం లేదు. తల్లి నా బిడ్డ అంటేనే వాడికి వినపడుద్ది గానీ, బిడ్డ మా అమ్మ అంటే వాడికి వినపడదంట.

ఆ తవిటమ్మ వంశమే మా అత్తగారిది. అందుకే మా ఇంట్లో పిల్లల పుట్టినరోజుకి మొదటి ముద్ద బయటి మనిషి పెడతది, తల్లి వాకిట్లో నిలబడి అడగతది. ఐదేళ్ళు నిండినాక పిల్లలే తవుడు పెట్టి వాళ్ళని వాళ్ళే కొనుక్కుంటారు. మొన్న మా మనవడికి ఐదు నిండినయ్. తవుడు పెట్టాడు, కొనుక్కున్నాడు. మర్నాడు పొద్దున్నే దుప్పటి ముసుగుపెట్టి, నన్ను నేను కొనుక్కున్నా, నేను బడికి పోను అన్నాడు. మా కోడలు నా వంక చూసింది. నేనన్నా, కొనుక్కున్నావులే నాయనా, సాకేది మాత్రం మీ అమ్మే, లే.