మూడో కార్ట్రిడ్జ్

ఆ వీధిలో ఆయన్ని అందరూ 'పదకొండో అంతస్తు' అనే పిలుస్తారు. ముప్పై ఏళ్లు ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపాడు, ఆ భవనానికి పదకొండు అంతస్తులు. అదొక కారణం. ఇంకో కారణం ఏమిటంటే, ఏ కబురైనా ఆయన నేల మీదే మొదలుపెడతాడు, ఆ తర్వాత మాత్రం ఎక్కడా ఆగడు. రిటైరయ్యాక లిఫ్టు పోయింది గానీ, ఎక్కే అలవాటు పోలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నాలుగింటికి ఆయన టీకొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన వాచీలు బాగుచేసే కుర్రాడు, వీధిలో అందరికీ తమ్ముడే, భూతద్దం నుదుటి మీదికి నెట్టుకుని, బన్ను టీలో ముంచుకు తింటున్నాడు. బల్లకి ఆ చివర ముప్పై అయిదేళ్ల మనిషి ఒకామె, ఎప్పుడూ చూడని ముఖం. ఒళ్లో చిన్న పుస్తకం పెట్టుకుని టీకొట్టు అక్కని అడుగుతోంది.

"రికార్డులు వాయించే మిషను కొన్నానక్కా. దీనికి కార్ట్రిడ్జ్ మార్చాలంటారు ఒకరు, అక్కర్లేదంటారు ఇంకొకరు. ఇక్కడ తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?"

పదకొండో అంతస్తు చేతిలో గ్లాసు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది. ఉద్యోగంలో ఉన్నప్పుడు రోజుకి వందమంది "ఫలానా ఆఫీసు ఎక్కడండీ" అని అడిగేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో కూడా ఎవరూ ఏమీ అడగడం లేదు.

"ఏం మిషనమ్మా?" అన్నాడు.

"తక్కువ రకమేనండి. డైరెక్ట్ డ్రైవ్."

"నాదీ అదే! సరైన చోటికే వచ్చావు, రాసుకో."

"మొదలైంది," అంది టీకొట్టు అక్క, గిన్నెలో ఇంకాస్త నీళ్లు పోస్తూ.

"వినమ్మా. కొన్నప్పుడే దానికో కార్ట్రిడ్జ్ ఉంటుంది. గోరంత డబ్బా, దాని కింద కంటికి ఆనీ ఆనని సూది. పాట బాగానే వస్తుంది, కాదనను. కానీ మనం బాగానేతో ఊరుకునే రకమా? విప్పేశాను. వెనకాల నాలుగు తీగలు, వెంట్రుకల్లాంటివి, ఎరుపు, తెలుపు, నీలం, ఆకుపచ్చ. కళ్లజోడైనా పెట్టుకోలేదు, రెండు వేళ్లతో పట్టుకుని టకటకా తగిలించేశాను. ఎంతసేపు పట్టిందో తెలుసా? పక్కన పెట్టుకున్న టీ మీద మీగడ కట్టలేదు!"

నిజానికి ఆ పని పొద్దున మొదలుపెడితే దీపాలు పెట్టే వేళకి అయింది. ఒక మర కిందపడి దొర్లిపోతే మొగుడూ పెళ్లాం ఇద్దరూ మోకాళ్ల మీద గదంతా పాకారు. చివరికి ఆవిడే, కనుబొమలు తీసుకునే పట్టకారుతో, ఆ తీగలు తగిలించింది. అది జ్ఞాపకం వచ్చి ఆయన ఒక్క గుక్క తాగి, మళ్లీ అందుకున్నాడు.

"ఆ రెండో కార్ట్రిడ్జ్ సూది మొన గుండ్రంగా ఉండదు, కోలగా ఉంటుంది, రికార్డు గాడి లోపలి దాకా దిగుతుంది. పెట్టానో లేదో, వయొలిన్ వాయించేవాడి వేలికున్న ఉంగరం కర్రకి తగిలిన చప్పుడు వినిపించింది. ఉంగరం కాస్త వదులు కూడా."

"వదులని ఎలా తెలిసింది మామయ్యా?" అన్నాడు వాచీల తమ్ముడు.

"రెండుసార్లు మోగింది కదయ్యా! సరే, చెవికి ఇంత చేశాక కాళ్లని వదిలేస్తానా? మిషను కింద రబ్బరు దిమ్మలు వేశాను. మర్నాడే మా వీధిలో కంకర లారీ పోయింది. ఇల్లు కదిలింది, కిటికీలు కదిలాయి, మా ఆవిడ కదిలింది, సూది మాత్రం గాడిలో అలాగే ఉంది. ఆ తర్వాత సూదిని మోసే కడ్డీ వెనకున్న బరువు తిప్పి తిప్పి సరిగ్గా ఒకటిన్నర గ్రాము దగ్గర నిలబెట్టాను. ఎంత సరిగ్గా అంటే, దాని మీద ఈగ వాలితే పాట గొంతు మారేది. ఆ మారడాన్ని బట్టి ఆడ ఈగో మగ ఈగో చెప్పేసేవాణ్ణి."

కొత్తామె వంచిన తల ఎత్తకుండా రాసుకుంది. "ఒకటిన్నర గ్రాము," అని పైకే చదువుకుంది.

ఈ బల్ల మీద ఆయన మాటలకి నవ్వినవాళ్లున్నారు, తిట్టినవాళ్లున్నారు. రాసుకున్నవాళ్లు లేరు. ఇక్కడితో ఆపితే బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. నోరు ఆగలేదు.

"ఇక మోటారు సంగతి. డైరెక్ట్ డ్రైవ్‌లో బెల్టూ గిల్టూ ఉండదు, రికార్డు తిరిగే పళ్లెం కింద నేరుగా మోటారే. ఆ బలం ఊరికే పోతోంది కదా అని, నీళ్లు రాని రోజున పళ్లేనికి తాడు చుట్టి కిందనించి రెండో అంతస్తుకి పద్నాలుగు బిందెలు లాగించాను. పాట పాడుతూనే ఉంది! వేగమైనా తగ్గిందా? వెంట్రుక వాసి తగ్గలేదు. ఊళ్లో గడియారాలన్నీ దాన్ని చూసి దిద్దుకోవాలి."

"అందుకేనా మీ గోడ గడియారం మూడు వారాలుగా నా కొట్టులో పడుంది?"

"అది దాన్ని చూసి సిగ్గుపడి ఆగిపోయిందయ్యా!"

అక్క ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో ఆయనకి ఇంకో నాలుగు అంతస్తులు కనిపించాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మూడో కార్ట్రిడ్జ్ తెచ్చాను. అరవై ఏళ్లనాటి రికార్డు పెట్టాను. పాట సంగతి వదిలెయ్యండి, పాట అందరికీ వినిపిస్తుంది. నాకు స్టూడియో బయట రోడ్డు వినిపించింది! బస్సు ఆగింది, కండక్టరు చిల్లర లేదని ఎవరితోనో గొడవ పడుతున్నాడు. తప్పు కండక్టరుదే, చిల్లర అతని జేబులో గలగలమంటోంది. ఆ పక్కింట్లో ఎవరో ఉల్లిపాయలు వేయిస్తున్నారు, చుయ్యిమని. మాడిపోతున్నాయి కూడా. మా ఆవిడ పడగ్గదిలోంచి పరుగెత్తుకొచ్చి, 'పొయ్యి మీద ఏం పెట్టారండీ, మాడు వాసనొస్తోంది' అంది!"

వాచీల తమ్ముడికి బన్ను గొంతులో అడ్డుపడింది. అక్క వీపు మీద చరిచింది.

ఆయన మాత్రం నవ్వలేదు. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

"నవ్వారు కదా, సరే. ఇప్పుడు చెప్పేది మాత్రం నిజంగా జరిగింది," అన్నాడు, గొంతు తగ్గించి. "మా ఆవిడకి కూడా చెప్పలేదు."

అది ఆయన కల్పించినది కాదు. మూడు వారాలుగా కడుపులో దాచుకున్న సంగతి.

"మంగళవారం. పొద్దున పదిన్నర. మా ఆవిడ వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది, ఇంట్లో నేనొక్కణ్ణే. ఆ రికార్డే పెట్టి, సౌండు బాగా పెంచాను. రెండో పాట అయిపోయింది. మూడో పాట ఇంకా రాలేదు. ఆ మధ్య ఖాళీలో టక్, టక్, టక్ అని మూడుసార్లు చప్పుడు. తర్వాత ఆడగొంతు. ఎక్కడో లోతునించి. 'అయ్యా, చాలండీ. కాసేపు ఆపండి. కళ్లు మూతలు పడుతున్నాయి' అంది."

"ఎవరు?" అంది అక్క.

"ఎవరేమిటి, ఆ పాడినావిడే! నేను సూది ఎత్తేసి లేచి నిలబడ్డాను. ఏమనాలో తోచలేదు. 'సరేనమ్మా, పడుకోండి' అన్నాను. అప్పటినించీ పొద్దునపూట ఆ రికార్డు ముట్టుకోలేదు. ఆవిడ ఎంత అలసిపోయిందో ఏమిటో."

వాచీల తమ్ముడు పొట్ట పట్టుకున్నాడు, అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. "మామయ్యా, ఇంతకుముందు చెప్పినవన్నీ నమ్ముతాను, ఇదొక్కటి మాత్రం నావల్ల కాదు!" అన్నాడు తమ్ముడు.

"ఒట్టు తమ్ముడూ. నా చెవులతో నేను విన్నాను."

"ఈగ కూడా ఒట్టేనా?"

ఆయన ముఖం ఎర్రబడింది. ఈగ అబద్ధం, బిందెలు అబద్ధం, ఉల్లిపాయలు అబద్ధం. వాటన్నిటికీ నవ్వితే ఆయనకి ఎంతో బాగుంది. ఇదొక్కటే నిజం, దీనికీ నవ్వారు. "పోనీలెండి," అని లేవబోయాడు.

"కూర్చోండి బాబాయిగారూ," అంది కొత్తామె. కలం ఆగి ఉంది. "మీది ఆ మూల మీద పసుపు గోడల ఇల్లేనా? రెండో అంతస్తు?"

"అవును."

"అయితే ఈయన చెప్పింది నిజమే," అంది ఆమె మిగతా ఇద్దరి వైపూ తిరిగి. "ఒక్క ముక్క కూడా కల్పించలేదు."

"విన్నారా!" పదకొండో అంతస్తు బల్ల మీద చరిచాడు. గ్లాసులు గలగలమన్నాయి. "చదువుకున్న మనిషి చెబుతోంది, ఇప్పటికైనా వినండి!"

"ఆ మాట అన్నది నేనే కనక చెబుతున్నాను. నెల క్రితమే మీ కింద ఇంట్లో దిగాను. ఆసుపత్రిలో నర్సుని. రాత్రి డ్యూటీ చేసి పొద్దున పడుకుంటాను. మంచం మీద నిలబడి, చీపురు కర్రతో పైకప్పు కొట్టి, కిటికీలోంచి అరిచాను."

ఈసారి వాచీల తమ్ముడు నవ్వడానికి బల్ల దిగి పక్కకి వెళ్లాల్సి వచ్చింది. అక్క పొయ్యి మీద టీ పొంగిపోతున్నా చూసుకోలేదు.

పదకొండో అంతస్తు తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నాడు. నవ్వులపాలైనందుకు కాదు, అది ఆయనకి కొత్తా? అరవై ఏళ్ల కిందటి మనిషి ఒకావిడ తనని పలకరించిందని మూడు వారాలు మురిసిపోయాడు. అది పోయింది.

"'సరేనమ్మా, పడుకోండి' అన్నారు చూడండి, అది కిందకి వినిపించింది," అంది నర్సు. "పైకొచ్చి పోట్లాడదామనుకున్నదాన్ని, అది విని పడుకున్నాను. సాయంత్రం లేచేసరికి ఆ రెండో పాట నోట్లో ఆడుతోంది. అందుకే కదా నేనూ మిషను కొన్నది." పుస్తకంలో ఈగ దాకా రాసుకున్న కాగితం చింపి ఉండ చుట్టింది. "ఇప్పుడు చెప్పండి. నిజంగా ఏం మార్చమంటారు?"

ఈసారి ఆయన గొంతు వేరే మనిషిదిలా ఉంది.

"ఏమీ మార్చకమ్మా. వచ్చిన కార్ట్రిడ్జ్ మంచిదే. సూది అరిగాక సూది ఒక్కటీ లాగేసి కోల మొనది పెట్టుకో, తీగలు విప్పే పనుండదు. బరువు మిషనుతో వచ్చిన కాగితంలో రాసినంతే పెట్టు. నేను మూడు కొన్నాను గానీ, నిజం చెప్పాలంటే రెండో దానికీ మూడో దానికీ నాకు తేడా తెలియలేదు."

ఆమె అంతా రాసుకుంది. పుస్తకం మూసి లేచింది.

"మీ మిషనుకి మాత్రం ఒకటి తక్కువైంది బాబాయిగారూ."

"ఏమిటమ్మా?" ఆయన ఆత్రంగా ముందుకు వంగాడు.

"గది నిండా పరిచే మందపాటి తివాచీ."