ఉన్నది ఉన్నట్టు సాగితే

"ముందు ఆ దుప్పట్లు తియ్యి."

"తియ్యను."

"ఇది భోజనాల బల్ల. గోదాము కాదు."

"భోజనాలు అయిపోయాయిగా అన్నయ్యా. హోటల్ వాళ్ళ దుప్పట్లివి, సాయంత్రానికి మనిషి వచ్చేస్తాడు. ఇక్కడ కాక నీ నెత్తిన పెట్టనా?"

"కొట్లో పెట్టు."

"కొట్లో తడివి ఆరుతున్నాయి."

"చూశావా అమ్మా? ఆదివారం పూట వస్తే లాప్‌టాప్ పెట్టుకోటానికి జానెడు చోటు లేదు. ఇల్లంతా సబ్బు కంపు. ఇందుకే అంటున్నాను నేను."

"ఆ సబ్బు కంపులోనే చదువుకున్నావు నాయనా. ఒళ్ళో పెట్టుకో దాన్ని."

ముందుగదిలో లాండ్రీ, వెనక రెండు గదుల్లో కాపురం. తండ్రి పెట్టిన కొట్టును ఇన్నేళ్ళూ నడుపుకొచ్చిన చెల్లెలు దుప్పట్లు మడుస్తూనే ఉంది; రోడ్లకూ వంతెనలకూ లాభనష్టాల లెక్కలు వేసే ఉద్యోగం చేసే అన్నగారూ, ఆయన భార్యా, తల్లీ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఈ ఆదివారం కోసం చెల్లెలు వారమంతా ఎదురుచూసింది.

"సరే, ఒళ్ళోనే పెట్టుకున్నా. ఇప్పుడు వినండి. కొట్టు ఎత్తేస్తాం. ముందుగది నా ఆఫీసు. వీధివైపంతా అద్దాలు, లోపల ఏసీ. ఎవరు ఏం కట్టాలన్నా లాభమా నష్టమా అని నా దగ్గరికొచ్చి అడగాలి. ఎన్నాళ్ళు ఒకడి కింద చెయ్యను?"

"మరి నేనో?"

"నీకేమే! రిసెప్షన్‌లో కుర్చీ వేస్తా. ఏసీ కింద. ఆ ఇస్త్రీపెట్టె బాధ వదులుతుంది."

"తిరిగే కుర్చీయేనా?"

"తిరిగేదే వేస్తాలే."

"ఎంత తిరిగినా ఉన్నచోటే ఉంటుంది కదా. నాకు అలవాటే."

"ఎత్తిపొడుపులు మాను. అమ్మా, ఇల్లు నీ పేరున ఉంది. నువ్వు సరే అంటే—"

"నేననను. మీ నాన్న పద్ధతి ఉంది కదరా. బీరువా తలుపు మీద గీత గియ్యండి, ఇటు ఖర్చు, అటు లాభం. ముందు హద్దులు, అంటే లెక్కలోకి ఏది వస్తుందో ఏది రాదో; తర్వాత అంకెలు. అంకెలు పడ్డాక హద్దు జరిపినవాడు ఓడినట్టే."

"అమ్మా, నా ఉద్యోగమే అది. పెద్ద పెద్ద వంతెనలకి హద్దులు పెట్టేవాణ్ణి. నాకు సుద్దముక్క పద్ధతి చెప్తావా?"

"అక్కడే కదా నేర్చుకున్నావు."

"నేను రాస్తాలే అన్నయ్యా, నువ్వు చెప్పు. హద్దులు పెట్టటంలో నిన్ను మించినవాళ్ళు ఈ ఇంట్లో లేరు."

"అదీ మాట. రాయి."

"ముందు ఈ ఒక్క దుప్పటీ అయిపోనీ. ఆ కొస పట్టుకో."

"నేనా?"

"చేతులు ఖాళీగానే ఉన్నాయిగా. అలా కాదు. అంచుకి అంచు కలుపు. హోటల్ వాడు మడత చూసే పుచ్చుకుంటాడు... ఆ, అలాగ. నీకు వచ్చేస్తుందిలే. సరే. మొదటిది. ఎవరి లాభం, ఎవరి నష్టం చూడాలి?"

"కుటుంబానిది."

"అంటే అమ్మా, నేనూ."

"మరి నేను?"

"నువ్వు వేరే కాపురం కదా అన్నయ్యా. మురికిబట్టల మూటతో నెలకోసారి వస్తావు."

"అంతమాత్రాన ఈ ఇంటి మనిషిని కాకుండా పోతానా? కొడుకుని! నా లాభం లెక్కలోకి రాకపోతే ఇంక ఈ లెక్క దేనికి?"

"అయితే నువ్వూ వదినా కూడా ఈ ఇంటివాళ్ళే. అన్నిటికీనా?"

"అన్నిటికీ."

"లాభానికీ, చాకిరీకీ?"

"నాకు బడి ఉందమ్మా, ముందే చెప్తున్నా. పిల్లల పరీక్ష పేపర్లే దిద్దలేక చస్తున్నాను."

"నీకు ఉద్యోగం ఉంది వదినా, నీ జోలికి ఎవరూ రారు. అన్నయ్యని అడుగుతున్నా."

"లాభానికీ, చాకిరీకీ, అన్నిటికీ. రాయవే బాబూ."

"అమ్మా, విన్నావుగా?"

"విన్నాను. సరే."

"రెండోది. అసలు మనం ఏమీ చేయకపోతే ఏమవుతుంది?"

"శభాష్! ఆ మాట అడగాలని మా ఆఫీసులో సగంమందికి తట్టదు. దానితోనే కదా పోల్చి చూడాలి. ఏముంది, ఉన్నది ఉన్నట్టు సాగుతుంది. కొట్టు నడుస్తుంది, నువ్వు కూర్చుంటావు."

"నేను కూర్చుంటానని రాయనా, కొట్టు చూసుకునే మనిషి ఒకరుంటారని రాయనా?"

"రెంటికీ తేడా ఏముందే?"

"ఏమో, నాకేం తెలుసు? పోనీ అప్పుడు నువ్వు ఎలా రాయించావో అలాగే రాసెయ్యనా?"

"అప్పుడంటే?"

"నా రంగుల కోర్సప్పుడు."

"అబ్బా. ఎప్పటి మాట!"

"ఈ తలుపు మీదే. బట్టలకి రంగులద్దే చదువు, మూడేళ్ళు. సీటొచ్చింది. నాన్నకి మోకాళ్ళు పట్టేసి కొట్లో నిలబడలేకపోతున్నాడు. నన్ను చదువుకి పంపాలా, కొట్లో కూర్చోబెట్టాలా అని గీత గీశారు. నువ్వు అప్పుడే ఉద్యోగంలో చేరావు. సుద్దముక్క నీ చేతిలో ఉంది."

"న్యాయంగానే వేశాను. కావాలంటే అమ్మనడుగు."

"కాదన్నానా? నీ హద్దులన్నీ నాకు నోటికొచ్చు. ఒంట్లో సత్తువ ఉండి, ఇంట్లో ఉద్యోగం లేనివాళ్ళెవరో వాళ్ళు కొట్టు చూసుకోవాలి. ఇదేగా?"

"అవును. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు. అందులో తప్పేముంది?"

"ఏం లేదు. వాళ్ళ కష్టానికి ఖరీదు కట్టక్కర్లేదు."

"కట్టకూడదు! పుస్తకాల్లో ఉన్నదే అది. ఉద్యోగం లేని మనిషి కొట్లో కూర్చుంటే వదులుకొచ్చేది ఏముంది? ఏమీ లేదు. వదులుకునేది లేనప్పుడు ఆ కష్టానికి ఖరీదు సున్నా."

"సున్నా."

"అలా మొహం పెట్టకు. లెక్కలో సున్నా అంటే మనిషి సున్నా అని కాదు."

"లేదులే. పెద్దగా రాస్తున్నాను, అమ్మకి కళ్ళజోడు లేకపోయినా కనపడాలిగా. ఇప్పుడూ ఇదే ఉంచుదామా, మారుద్దామా?"

"ఆగు, ఆగు. ఇప్పుడు... ఇప్పుడు మారుద్దాం. నీ కష్టానికి ఖరీదు కడదాం. నేనే కడదామంటున్నాను. ఇంత చాకిరీకి ఖరీదు లేదంటే ఎలా? కొట్టుకి అసలు ఖర్చు అప్పుడే తెలుస్తుంది."

"కట్టరా నాయనా, సంతోషం. ఇప్పుడు కడితే మొదటిరోజు నుంచీ కట్టాలి మరి. నీ చదువు అప్పు తీరింది ఈ కొట్టు మీద. నీ పెళ్ళి జరిగింది ఈ కొట్టు మీద. దాని కష్టానికి ఖరీదుందంటే ఆ బాకీ నీ మీదే పడుతుంది."

"అమ్మా!"

"ఏం, నిజం కాదూ?"

"వద్దు. వద్దులే. పాతదే ఉంచు."

"సున్నాయేనా అన్నయ్యా?"

"సున్నాయే!"

"సరే. మూడోది. ఎన్నేళ్ళు చూడాలి?"

"ఇరవై. ఇలాంటివాటికి ఇరవైకి తక్కువ చూడం."

"అప్పుడు ఐదన్నావు."

"అది వేరు. అది మనిషి చదువు, ఇది ఆఫీసు."

"ఐదేళ్ళ అవతల సంగతి ఎవరు చూశారు, పెళ్ళయి పోతుందో ఏమవుతుందో అన్నావు. రేపటి లాభం ఇవాళ్టి లాభమంత కాదన్నావు. నా చదువు ఖర్చంతా ఆ ఐదేళ్ళకి ఇటుపక్క పడింది, నా సంపాదన చాలామటుకు అటుపక్క పడింది. పెళ్ళీ కాలేదు, పోనూ పోలేదు."

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"మర్నాడు పొద్దున నాన్న తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. నోట మాట రాలేదు ఆయనకి. నీకు మాత్రం వచ్చింది. ఆఫీసుకి టైమవుతోంది, నా చొక్కా ముందు ఇస్త్రీ చెయ్యి అన్నావు."

"...నాకు గుర్తులేదు."

"నీలం చొక్కా."

"ఒరే. ఒకరికి పెట్టిన హద్దే ఇంకొకరికీ. మీ నాన్న మాట. ఐదేళ్ళే."

"అమ్మా, మొదటి ఐదేళ్ళూ ఎక్కడైనా ఖర్చేనమ్మా! అద్దాలు, ఏసీ, కుర్చీలు, మనుషులు. నా పేరు నలుగురికీ తెలియటానికే నాలుగేళ్ళు పడుతుంది. లాభమంతా ఆ తర్వాతే."

"నాకూ అంతేగా అన్నయ్యా."

"ఇది కక్ష."

"హద్దులు పెట్టింది ఎవరు?"

"అప్పుడు నాకు ఇరవైఆరేళ్ళే!"

"నాకు పందొమ్మిది."

"అమ్మా, ఏదన్నా చెప్పు దీనికి!"

"ఏం చెప్పనురా? ఆరోజు నువ్వు చెప్పినప్పుడు కూడా సరే అన్నాను. దాని మొహం కేసి చూడకుండా అన్నాను. ఇవాళ నీ మొహం చూస్తూ అంటున్నా. సరే. అంకెలు వెయ్యవే."

"వేస్తున్నా. ఆఫీసుకి ఐదేళ్ళ ఖర్చు నువ్వు చెప్పిందే, ఒక్క మేకు కూడా తగ్గించలేదు. లాభం, నాలుగేళ్ళు పోగా మిగిలిన ఒక్క ఏడాదిది. కొట్టుకి సబ్బు, నీళ్ళు, కరెంటు. మనిషి సున్నా. చూడన్నయ్యా, సున్నా పెట్టేసరికి ఎంత కళ వచ్చిందో! ఇంత లాభసాటి కొట్టు ఊళ్ళో ఇంకోటి ఉంటుందా?"

"సుద్దముక్కతో గీసిన గీతలు పట్టుకుని..."

"ఏవండీ, మరి మన సంగతేంటి? మీరు మంగళవారమే—"

"నువ్వూరుకో."

"మంగళవారం ఏంటమ్మాయ్?"

"ఏం లేదమ్మా."

"రాజీనామా ఇచ్చేశారు అత్తయ్యా. 'మా అమ్మ ఒప్పుకోకుండా ఎక్కడికి పోతుందిలే' అన్నారు."

"నాతో ఒక్క మాటన్నా అనకుండానేనా?"

"చెబుదామనేగా వచ్చాను. అన్నీ ఒకేసారి చెబుదామని..."

"వెనక్కి తీసుకోండి. రేపు పొద్దున్నే వెళ్ళి అడగండి. ఏదో తొందరపడ్డాననండి."

"వీల్లేదు వదినా. వాళ్ళు అన్నయ్య కుర్చీలో అప్పుడే ఇంకొకర్ని వేశారు."

"నీకెలా తెలుసు?"

"మీ ఆఫీసువాళ్ళ కోట్లు ఉతికేది ఎవరనుకున్నావు? బుధవారం మీ పెద్దసారు కోటుతో పాటే ఆ కబురూ కొట్టుకొచ్చింది. 'మీ అన్నగారు మంచి నిర్ణయం తీసుకున్నారమ్మా' అన్నాడు డ్రైవరు. అవునండీ అన్నాను."

"తెలుసా? తెలిసే ఈ లెక్క నాచేత వేయించావా?"

"నేనెక్కడ వేయించాను? నువ్వు చెప్పావు, నేను రాశాను."

"ఇంత విషం దాచుకుని, ఇన్నేళ్ళూ నా చొక్కాలు ఇస్త్రీ చేశావా?"

"మడత చెడకుండా చేశాను. ఏనాడన్నా వంక పెట్టావా?"

"సరే! నువ్వే గెలిచావు. కొట్టు ఉంచుకో. బతికినన్నాళ్ళూ ఆ ఇస్త్రీపెట్టె పట్టుకుని వేలాడు. చాలా?"

"చాల్లేదన్నయ్యా. వదినా, లేవకు, కాసేపు కూర్చో. అమ్మా, నువ్వు చెప్పు. ఈ లెక్క ఖాయమేనా?"

"ఖాయమే. కొట్టు ఉంటుంది."

"హద్దులో?"

"అవి జరిగితే ఇంక లెక్క ఎందుకే? అవీ ఉంటాయి."

"అయితే అందరూ ఉన్నప్పుడే చెప్తున్నాను. పెద్దాసుపత్రిలో బట్టలుతికే విభాగానికి నన్ను సూపర్‌వైజర్‌గా తీసుకున్నారు. రేపే చేరుతున్నా. ఒంట్లో సత్తువ ఉండి ఈ ఇంట్లో ఉద్యోగం లేనిది ఇంక నువ్వొక్కడివే అన్నయ్యా. ఇవిగో తాళాలు, పొద్దున్నే ఆరింటికల్లా తియ్యాలి."