ఇద్దరు స్వరూపలు

షూటింగు బస్సు తన కూతురిని మరచి వెళ్లిపోతుందేమోనన్నదే ఆ తల్లికున్న పెద్ద భయం. నిన్న అంతపనీ జరగబోయింది. అందుకే ఈ సాయంత్రం, ఫిలింనగర్‌లో జూనియర్ ఆర్టిస్టులను పంపే ఆఫీసుకు పాయసం గిన్నెతో వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్న ఆయన చేతిలో పెట్టింది.

“తినుండ్రి సారూ. మీ పెట్టె చెప్పకపోతే నా స్వరూప ఆ కోట సెట్టింగు ఎనకనే పండుకునుండేది.”

“నా గొప్పేం లేదమ్మా. పొద్దున వచ్చినవాళ్లు ఒక గుంపు, సాయంత్రం బస్సెక్కినవాళ్లు ఇంకో గుంపు. మొదటి గుంపులోంచి రెండోది తీసేసి, మిగిలినవాళ్లెవరో కంప్యూటరే చెబుతుంది. ఇలా గుంపుల్ని కలిపే, తీసే లెక్కలన్నీ ఇందులో రాసిపెట్టాను. ఇవాళైతే ఎవరూ మిగల్లేదు.”

“పేరు కొట్టుడుల తప్పు పడితే?”

“ఒకే పేరు రెండుసార్లు కొట్టినా ఫర్వాలేదు. ఒక్కటే ఉంచుకుంటుంది.”

“ఒక్కటేనా? మా బోరబండల ఇంకో స్వరూప ఉంది సారూ! ఇయ్యాల ఇద్దరూ షూటింగుకు పోయిండ్రు.”

“అయ్యో! ఒకరెక్కినా ఇద్దరూ ఎక్కినట్టే అనుకుంటుందే! రేపటినుంచి తల్లి పేరూ కలుపుతానమ్మా. మీ పాప వచ్చేసిందిగా?”

“మీ దయవల్ల ఇంటికాడనే ఉంది. ఆ ఇంకో స్వరూప తల్లికి జరం, బస్సుకాడికి రాలే; ఆ పిల్ల దిగిందో లేదో ఎవ్వరూ చూడలే. మీకు పుణ్యముంటది, జర ఆ కోట ఎనక చూసిరాండ్రి.”