ఎర్లెండ్ నోరు విప్పని రోజు

ఈస్టర్ సెలవుల్లో మా కొండ మీద మధ్యాహ్నపు ఎండ ముందుగా తగిలేది హల్వార్ చెక్క ఇంటి గోడకే. ఆ ఎండ కావాలంటే ఆయన కోతలూ వినాలి, తప్పదు. ఆ రోజు కూడా మంచు మీద రెయిన్‌డీర్ తోళ్లు పరుచుకుని, గోడకి వీపులానించి, కమలాలు ఒలుచుకుంటూ కూర్చున్నాం. నేను, పక్కింటి గుద్రున్, ఆయన మేనకోడలు మారిత్. హల్వార్ కింద రేవులో కార్లు దాటించే పడవ నడుపుతాడు. ఏడాదంతా ఈ గట్టూ ఆ గట్టూ తప్ప ఎక్కడికీ పోడు.

మారిత్ ఈ మధ్యే యూనివర్సిటీలో చేరింది. కొండలెక్కడం, మంచులో బతకడం, పదిమందిని వెంటబెట్టుకు వెళ్లి క్షేమంగా తిరిగి తీసుకురావడం, అదీ ఆ పిల్ల చదువు. ఒకప్పుడు హల్వార్ కూడా అదే చదువులో చేరి మధ్యలో మానేశాడు. ఎందుకు మానేశాడంటే ఏటా ఒక కొత్త కారణం చెబుతాడు.

"మీదీ ఒక చదువేనటే!" అని అందుకున్నాడు మారిత్ వైపు తిరిగి. "మా రోజుల్లో చేరగానే చేతికో పార ఇచ్చి, మంచులో గుహ తవ్వుకుని పడుకోమన్నారు. అందరూ చీకటిపడేదాకా తవ్వారు. నేను కాఫీ కాగేలోపు తవ్వేశా. సర్లే, అది ఎవడైనా చేస్తాడు. అసలు సంగతి పీఠభూమి దాటే పరీక్షప్పుడు జరిగింది. దారి చూపే వంతు నాది. ముందు నేను, నా వెనక మా మాష్టారు ఎర్లెండ్, ఆయన వెనక క్లాసంతా. కాస్త దూరం పోయామో లేదో పొగమంచు దిగింది. నా స్కీ చెక్కలు నా కాళ్లకే ఉన్నాయో లేదో తడిమి చూసుకోవాల్సి వచ్చిందనుకో. పైగా గాలి! ఆ గాలికి మావాడొకడి గడ్డం ఊడి, పక్కనున్న అమ్మాయి మొహానికి అతుక్కుంది. వెచ్చగా ఉందని ఆ పిల్ల సాయంత్రం దాకా తిరిగి ఇవ్వనంది!"

"ఇప్పటికైనా ఇచ్చిందా?" అంది గుద్రున్.

"మధ్యలో మాట్లాడకు. ఆ తర్వాత నేనేం చేశానో తెలుసా? ఆగి గుహ తవ్వుదామంటే గాలికి మంచంతా కొట్టుకుపోయింది, ఉత్త రాయి మిగిలింది. రంపం తీశా. పొగమంచునే ఇటుకలు ఇటుకలుగా కోసి ఇల్లు కట్టేశా, కిటికీతో సహా!"

"మంచుని ఎగరేసుకుపోయిన గాలి పొగమంచుని వదిలేసిందా?" అంది గుద్రున్ మళ్లీ.

"అది తడి పొగమంచమ్మా, బరువు! అందులో కూర్చుని భోంచేశాం. మళ్లీ బయల్దేరి, నడిచీ నడిచీ పోతుంటే ఇద్దరు కస్టమ్స్ వాళ్లు అడ్డమొచ్చి, సరిహద్దు దాటి స్వీడన్‌లోకి వచ్చేశారు, కాగితాలు చూపించండి అన్నారు. నేను దారి తప్పడమా! 'అయ్యా, తప్పిపోయింది మేం కాదు, మీ దేశం' అన్నా. పాపం, పటం ఇటు తిప్పి అటు తిప్పి, సరిహద్దు రాళ్లు పీకి భుజాన పెట్టుకుని తూర్పుకి జరిపారు. అక్కడ ఇప్పటికీ మన దేశానికో చెరువు ఎక్కువ!"

మేం పడీ పడీ నవ్వాం. మారిత్ మాత్రం, "ఇంత జరుగుతుంటే ఎర్లెండ్ ఏమన్నాడు మామయ్యా?" అంది.

"ఏమంటాడు? బయల్దేరినప్పుడు పిట్టలనీ, నక్క అడుగులనీ వాగుతూనే వచ్చాడు. నా పనితనం చూశాక నోట మాట పడిపోయింది. సాయంత్రం దాకా నా వెనకే, కిక్కురుమనకుండా." హల్వార్ గొంతు తగ్గింది. "ఒక్క మాట అంటే ఆయన సొమ్మేం పోయేది? 'బాగుంది హల్వార్' అంటే చాలు. దానికోసం రోజంతా చెవులు వెనక్కి పెట్టుకునే నడిచా." అంతలోనే తేరుకుని, "ఇంక నాకు నేర్పేదేముంది ఆయన? మర్నాడే సంచి సర్దుకుని వచ్చేశా!" అన్నాడు.

మారిత్ కమలా ఒలవడం ఆపేసింది. "నువ్వు వెనక్కి తిరిగి చూశావా మామయ్యా?"

"దారి చూపేవాడు వెనక్కి చూస్తాడుటే?"

"అదే కదా పరీక్ష! దారి సరిగ్గా ఉన్నంతసేపూ మాష్టార్లు కబుర్లు చెబుతూ వస్తారు. తప్పామో, నోరు మూసేస్తారు. ప్రమాదం లేనంత దూరం అలా వెంట వస్తూనే ఉంటారు. మనంతట మనం ఆగి, వెనక్కి తిరిగి, 'దారి తప్పాను, వెనక్కి పోదాం పదండి' అనాలి. అన్నవాళ్లే నెగ్గినట్టు."

గుద్రున్ తొడ చరిచి నవ్వింది. "అంటే ఆయనకి మాట పడిపోయింది నీ పనితనం చూసి కాదన్నమాట!"

నేనూ నవ్వాను. హల్వార్ నవ్వలేదు. "మాకెవరూ చెప్పలేదే ఆ సంగతి," అన్నాడు.

"మీకు చెప్పలేదేమో. మాకు మొదటి రోజే చెప్పేస్తారు. ఎర్లెండ్ రిటైరయినా ఆ ఒక్క మాట చెప్పడానికే వస్తాడు. ఎప్పుడో ఒక కుర్రాడు రోజంతా తిరిగి చూడకుండా నడిచి, మర్నాడు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడట. అప్పట్నించీ..."

ఆ కుర్రాడెవరో ఆ పిల్లకి అప్పుడు తట్టింది. మాకూ తట్టింది. గుద్రున్ తల దించుకుంది.

"వాడి గురించి ఇంకేమన్నాడు?" అన్నాడు హల్వార్.

మారిత్ ఆయన చేతి మీద చెయ్యి వేసింది. "'అంత చక్కటి నడక నేను ఇంకెవరిలోనూ చూళ్లేదు. ఆ మాట దారిలోనే అనాల్సింది. పరీక్ష కదా అని ఊరుకున్నాను, తప్పు చేశాను' అన్నాడు."

ఇన్నేళ్లలో హల్వార్ గురించి ఇంకొకరు అన్న గొప్ప మాట అదొక్కటే. దాన్ని వెంటనే పదింతలు చేసి మాకే తిరిగి చెబుతాడనుకున్నాను. ఆయన ఎండలోకి చూస్తూ కూర్చున్నాడు, కళ్లు తడిశాయి. నవ్వినందుకు నాకు చాలా బాధేసింది.

"నేను ఒక్కసారి తిరిగుంటే ఆయన ఆ మాట అనేవాడే కదే," అన్నాడు చివరికి.

"అనేవాడు మామయ్యా," అంది మారిత్.