ఏం లేదు, దిగు బావా

మాస్క్ తియ్యకు బావా. తీస్తే నర్సమ్మ నన్నే తిడ్తది, పొద్దటి సంది నాలుగుసార్లు తిట్టింది. నువ్వేం మాట్లాడకు, నేనే మాట్లాడ్త. నీ నోరు నడిసినన్ని దినాలు నాకు సందు దొరికిందా ఏంది?

డాక్టర్ ఏమన్నడో తెలుసా? ఇంకో రెండు నిమిషాలు బాయిల ఉంటె మనిషి దక్కకపోతుండె అన్నడు. గ్యాసు పేరు గూడ చెప్పిండు. నేను మూడేండ్ల సంది ఎతుకుతున్న గ్యాసే అది. సముద్రంల దొరకలే, మన పాలకీడు బాయిల దొరికింది.

అక్క ఊకుంటదా? "మా తమ్ముడు శ్రీహరి సముద్రంల గ్యాసు కనిపెట్టే ఇంజనీరు సార్" అన్నది. డాక్టర్ నా మొకం సూసిండు. నేను గోడ మీది క్యాలెండర్ సూసిన.

నవ్వుతున్నవా? నవ్వు, నవ్వు.

ఇంజనీరేంది బావా, నీకు తెల్వదా. దేశం కాని దేశంల ఫ్యాక్టరీల పొగల గ్యాసును పట్టి, గొట్టాలతోని సముద్రం అడుగుకు, రాళ్ల నడిమికి పంపి దాస్తున్నరు. అది మల్ల పైకి కారుతున్నదా అని ఓడల కూసోని టీవీల సూసుడు నా పని. కెమెరా బురద మీద పోతుంటది. బుడగ లేస్తే రాయాలె. గొర్లు కాసే మా నాయినే నయం, ఆయనకు గొర్రెన్న కనవడ్తది.

మొదట్ల బుడగ లేవంగనే ఒర్లేటోన్ని. అందరు ఉరికొచ్చేది. సూస్తే చేప. ఇంకోపాలి పీత. పదకొండుసార్లు గట్లయినంక మా పెద్దసారు, "మంచిగ సూస్తున్నవ్ గని, జర తక్కువ సూడు" అన్నడు. గప్పటి సంది గంటగంటకు ఒక్కటే ముక్క రాస్తున్న. ఏం లేదు. రాసి రాసి నాలిక మీదికి ఎక్కింది.

లీవుల ఇంటికొస్తె మీరేమో, కాలువ నీళ్లు రాలేదని పాత బాయిల మోటరు దింపుడు పెట్టుకున్నరు. ఐదేండ్లు మూసిపెట్టిన బాయి. నాయిన నూనె పోసి లాంతరు ముట్టిచ్చి ఇచ్చిండు. "ముందు దీన్ని దింపుండ్రి, ఆరితె దిగొద్దు, యాపమండలు ఊపి గాలి కలపాలె" అన్నడు. చెప్పి, మండలు కొట్టుకొస్తనని పోయిండు. నేనేమన్న? "సముద్రం అడుగుల గ్యాసు పట్టేటోన్ని, నాకు లాంతరు సూపిస్తవా నాయినా" అన్న. నువ్వు గూడ నవ్వినవ్. నీ తప్పు గంతే.

లాంతరు నేనే దింపిన. నువ్వు అటు తిరిగి మోటరుకు తాడు కడ్తున్నవ్, నీకు కనవడలే. సగం దాక ఎలిగింది, ఆడ టక్కున ఆరింది. "ఏమైంది?" అని అడిగినవ్.

ఏం లేదు, దిగు బావా అన్న.

నువ్వు కూలవడ్డంక నేను ఒర్లిన. నాయినే ఉరికొచ్చి మండలు ఊపిండు, బొక్కెనలతోని నీళ్లు గుమ్మరిచ్చిండు. పక్క చెలక మోతీలాల్ ఊపిరి బిగవట్టి దిగి నిన్ను తీసిండు. నేను ఇంజనీర్ని గద, ఒడ్డు మీద నిలవడ్డ.

లాంతరు సూడలేదా అని అందరు అడిగిండ్రు. సూసిన, నూనె అయిపోయి ఆరిందనుకున్న అని చెప్పిన. నమ్మిండ్రు బావా. నూనె పోసింది నాయిన గద. నూనె సూసుకోక అల్లున్ని నా చేతులతోనె సంపుకుంటుంటి అని పొద్దటి సంది గా బయట మెట్ల మీద కూసున్నడు. చాయ్ గూడ ముట్టలే. అక్క గూడ ఆయన్ను ఒక మాటన్నది. నేను ఇననట్టు పక్కకు పోయిన.

నూనె అయిపోలే బావా.

ఆరినంక పైకి గుంజి, చెవి కాడ పెట్టి ఊపిన. గలగలమన్నది. గా సప్పుడు మంచిగ ఇన్న. ఇని గూడ దిగుమన్న. నాయిన లాంతరు నిజమైతె, నా మూడేండ్ల సముద్రం ఏం గావాలె అనుకున్న. గంతే బావా, ఇంకేం లేదు.

సెయ్యెందుకు లేపుతున్నవ్? కొడ్తవా? కొట్టు, సూది ఊడకుంట కొట్టు. కాదా? తలుపు దిక్కా? నాయినను పిలవమంటవా, నన్ను బయటికి పొమ్మంటవా?

సరే, ముందు పిలుస్త. తర్వాత ఎట్లాగు పొమ్మంటరు.

నాయినా, జర లోపలికి రా. నీ లాంతర్ల నూనె ఉండె.