పెళ్లిబట్టలు కుట్టే మా పెద్దక్క

చేతికి ఆ దూదేవిట్రా? రక్తపరీక్షా, పెళ్లికి ముందే? మంచి పని చేశావు. మా పెద్దక్క ఉంటే నిన్ను చూసి మురిసిపోయేది. నీకు గుర్తుండదులే. ఈ చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా బట్టలు అక్క మిషన్ మీదే. నోరంటావా, అబ్బో, కత్తెరే! చెయ్యి మాత్రం బంగారం.

అక్కకి ఒక్కడే కొడుకు. పుట్టిన కొన్నాళ్లకే పాలిపోయాడు. నెలనెలా ఆస్పత్రికి ఎత్తుకెళ్లి రక్తం ఎక్కించుకొచ్చేది. "తల్లి పాలు మంచివి కావు" అని వాళ్లత్తగారు. చివరికి డాక్టరమ్మ మొగుడికీ పెళ్లానికీ పరీక్ష చేసి, "ఈ జబ్బు ఇద్దరి రక్తంలోనూ దాగి ఉందమ్మా. మీకేం కాదు, రెండూ కలిస్తేనే బిడ్డకొచ్చేది. మీ వైపు ఊళ్లలో ఇంటికొకరికి ఉన్నట్టుంది" అంది. తెలిసి ఏం లాభం? వాడు బడి మొహం చూడకుండానే పోయాడు.

అప్పట్నుంచీ ఎవరు కొలతలకొచ్చినా, టేపు మెళ్లో వేసుకుని, "రక్తం చూపించుకున్నారా ఇద్దరూ?" అనేది. లేదంటే గుడ్డ ముట్టేది కాదు. "బట్టలు కుట్టమంటే రక్తమడుగుతుందేవిటే ఈ పిచ్చిది!" అని తిట్టుకుంటూ పోయేవాళ్లు.

ఇంతలో మీ నాన్న... అవున్రా, మీ నాన్నే... రొట్టెల బట్టీ ఆయన కూతుర్ని ఇష్టపడ్డాడు. చక్కటి పిల్ల. వాళ్ల పెద్దమ్మ, అదే మా అక్క, పోరు పడలేక ఇద్దరూ చూపించుకున్నారు. ఇద్దరికీ ఉంది! బట్టీ ఆయన అక్క గుమ్మంలో నిలబడి, "నీ నోటి చలవే ఇదంతా" అని ఒకటే కేకలు. "పెళ్లొద్దనలేదయ్యా, తెలుసుకోమన్నాను" అంది అక్క.

ఓ మధ్యాహ్నం ఆ పిల్లే ఒంటరిగా వచ్చి, "మీ బాబు ఎలా ఉండేవాడు అత్తా?" అనడిగింది. అక్క ఏదీ దాచలేదు. చేతికి నరం దొరక్క కాలికి గుచ్చడం, వాడు పొద్దున లేస్తూనే "ఇవాళ ఆస్పత్రి లేదుగా అమ్మా?" అనడం, అన్నీ చెప్పింది. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని లేచింది. పెళ్లి వద్దనుకున్నది తనే. మీ నాన్న మాత్రం మళ్లీ పెద్దమ్మ గడప తొక్కితే ఒట్టు. మీ అమ్మకి పరీక్ష చేయిస్తే లేదన్నారు, పెళ్లయింది. ఆ బట్టలూ వేరేచోట కుట్టించాడు.

నీకు కూర్చోవడం వచ్చాక ఒకరోజు, ఈ నాయనమ్మక్కూడా చెప్పకుండా, నిన్నెత్తుకుని అక్కింటికొచ్చాడు. నేనక్కడే గుండీలు కుడుతున్నా. నిన్ను తెచ్చి అక్క ఒళ్లో పెట్టాడు. అక్క నీ కింది కనురెప్ప మెల్లిగా లాగి చూసింది. "ఎర్రగా ఉందిరా, పాలిపోలేదు" అంది. రెండో కన్నూ చూసింది. మళ్లీ మొదటిది చూసింది. నువ్వు ఏడుపు లంకించుకున్నావు, అయినా వదలదే! "ఎర్రగా ఉందిరా నాన్నా, ఎర్రగా ఉంది" అంటూ...

...ఆ టీ తాగు, చల్లారిపోతోంది.