నోరు లేని బొమ్మ

ఏం చెప్పమంటావు, మీ తాత గురించేనా? చెప్తాను గానీ ముందు ఈ కుర్చీ కాస్త కిటికీ వైపు తిప్పుకోనీ. ఆఁ, ఇప్పుడు సరే. నా బొమ్మ వేస్తానన్నావు, కూర్చున్నాను. తల పైకెత్తమన్నావు, ఎత్తాను. మాట్లాడకుండా కూర్చోమంటే మాత్రం నా వల్ల కాదమ్మా, ఆ ముక్క ముందే చెప్తున్నా. కళ్ళు వేసుకో, చెవులు వేసుకో, నోటి దగ్గరికొచ్చినప్పుడు చెప్పు, అప్పుడు చూద్దాం. మీ తాతకి నేను చేసిన అన్యాయమంతా ఈ నోటితోనే. నవ్వుతావేం, నిజం. ఆయన బొమ్మల్లో ఎవరికీ నోరుండదేం తాతయ్యా అని నిన్న అడిగావే, దానికి జవాబు ఇదిగో, నీ ఎదురుగా కుర్చీలో ఉంది.

అప్పుడు నాది వీధి మలుపులో కుట్టు కొట్టు. ఒకటే గది, ఒకటే మిషను, గోడకి పొడుగాటి అద్దం. ఆ పైగదిలో మీ తాత ఉండేవాడు. పగలంతా దుకాణాల బోర్డులు రాసి, సాయంత్రం మోచేతుల దాకా రంగులతో దిగబడేవాడు. వాణ్ణి అందరూ బొమ్మలాయన అనేవాళ్ళు, నన్ను రేడియో అనేవాళ్ళు. ఎందుకో నీకు చెప్పక్కర్లేదుగా. అసలు రేడియో అయితే మీట తిప్పితే ఆగుతుంది, వీడికి ఆ సదుపాయం కూడా లేదని మీ నానమ్మ అనేది. మహా గడుసుది మీ నానమ్మ. ఆవిడకి నేను కుట్టిన మొదటి జాకెట్టు చేతులు బిగువైపోయాయని ఇరవయ్యేళ్ళు దెప్పింది. అంత బిగువేం కాదు, అరంగుళం. సరే, అది కాదు నేను చెప్పేది. ఒకరోజు మీ తాత వచ్చి, లైబ్రరీ హాల్లో కొత్తవాళ్ళ బొమ్మల ప్రదర్శన పెడుతున్నారు, నాకో మనిషి కావాలి, కూర్చుంటావా అన్నాడు. నేను గుండీలు కుడుతూ కూర్చున్నాను, వాడు వేస్తూ కూర్చున్నాడు. కళ్ళు మూడు రోజుల్లో అయిపోయాయి. ముక్కు ఒక్క రోజు. ఇదిగో, ఈ చెవి మీద కత్తెర గాటు కూడా వదల్లేదు. నోటి దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది. వేస్తాడు, తుడుస్తాడు. కాసేపు మూస్తావా అంటాడు. మూస్తాను. మూయగానే ఏదో గుర్తొస్తుంది. చివరికి తెలివిగా నాలుగు గుండుసూదులు తెచ్చి నా పెదాల మధ్య పెట్టాడు. పిచ్చివాడు, దర్జీ అన్నవాడు సూదులు నోట్లో ఉంచుకునే కబుర్లు చెప్తాడని వాడికి తెలీదు. ఆ పూట సూదుల సందులోంచి మా మేనమామ ఇల్లు కట్టించిన కథ పునాదుల దగ్గర్నుంచి చెప్పాను. స్లాబు పడక ముందే బొమ్మ హాలుకి ఇవ్వాల్సిన గడువు అయిపోయింది. బొమ్మలో నోరుండాల్సిన చోట ఒట్టి రంగు. పోనీ నాలుగు గీతలు గీసి పడెయ్యరా అన్నాను. నీది కాని నోరు నీ మొహాన ఎలా పెడతానురా, బొమ్మ ఇచ్చేసి రేపు పొద్దున్న హాల్లోనే పూర్తి చేస్తాను అన్నాడు.

మర్నాడు రంగులపెట్టె చంకన పెట్టుకుని ఇద్దరం వెళ్ళేసరికి, మాకంటే ముందే ఆ బొమ్మ ముందు గొడుగాయన నిలబడి ఉన్నాడు. పత్రికల్లో బొమ్మల మీద రాసే పెద్దమనిషి. వానొచ్చినా రాకపోయినా చేతిలో గొడుగుండేది, దాంతోనే బొమ్మలు చూపించేవాడు. ఆయన ఒక్క మంచిమాట కోసం పేరున్నవాళ్ళే పడిగాపులు పడేవాళ్ళు. ఆయన అరగంట చూశాడు. తర్వాత గొడుగు మొనతో ఆ ఖాళీ చూపించి, కళ్ళు తుడుచుకుని, "ఈ కాలపు మనిషి ఇతడే. ఇతడి మాట లాగేసుకున్నారు" అన్నాడు. మీ తాత కుంచె తీసి, అయ్యా అది ఇంకా... అని మొదలెట్టాడు. నేను వాడి కాలు తొక్కాను. గట్టిగానే తొక్కాను, వారం కుంటాడు. జన్మలో నేను నోరు విప్పకుండా చేసిన మంచి పని అదొక్కటే. చెడ్డ పనో ఏమో, ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఇహ చూస్కో. పేజీ నిండా రాశాడు గొడుగాయన. మౌనమట, వేదనట, ఇంకా నాకు నోరు తిరగని మాటలు చాలా ఉన్నాయి. బొమ్మలు కొనేవాళ్ళు మా మెట్లెక్కి వచ్చి నోరు లేనివి కావాలని అడిగారు. నోరు లేని కూలీలు, నోరు లేని తల్లులు, నోరు లేని వకీలు కూడా ఒకడు. క్యాలెండర్ల మీద అవే, పుస్తకాల అట్టల మీద అవే, బట్టల కొట్టు సంచుల మీదా అవే. కాలేజీ పిల్లలు స్టూడియోకెళ్ళి పెదాలు లోపలికి మడుచుకుని ఫోటో దిగుతుంటే, స్టూడియో అతను నవ్వండి అనడమే మానేశాడు. పళ్ళ డాక్టరు ఒకటి కొని తగిలించుకుని, వచ్చినవాళ్ళు దాన్ని చూసి వెనక్కి పోతున్నారని వారానికే దింపేశాడు. లైబ్రరీ వాళ్ళు చేసింది అన్నిటికన్నా దారుణం. నా బొమ్మ, అమ్మాయ్, నా బొమ్మే, అచ్చు వేయించి కింద నిశ్శబ్దం పాటించండి అని రాసి ప్రతి బల్ల మీదా పెట్టారు. ఆ బల్ల దగ్గర మాట్లాడుతున్నానని నన్ను బయటికి పంపించారు. ఆ బొమ్మ నేనేనయ్యా అంటే, పోలికే లేదన్నాడు లైబ్రేరియను. మీ నానమ్మ ఊరుకుంటుందా, ఇంటినిండా నోరు లేనివాళ్ళే, మాట్లాడే భారమంతా నా ఒక్కదాని మీదే పడిందనేది.

మీ తాత సంతోషపడ్డాడా అంటే, మొదట్లో పడ్డాడు, అబద్ధమెందుకు. మీ నాన్న చదువు, ఈ ఇల్లు, అన్నీ ఆ బొమ్మల చలవే. కానీ వాడికి నోళ్ళు వేయాలనుండేది. ఒకసారి మీ నానమ్మ కసురుతున్నప్పటి బొమ్మ వేశాడు, నోరు తెరిచి, ఆ వంకర పన్నుతో సహా. ఎంత బాగుందనుకున్నావు, చూస్తుంటే తిట్టు వినపడేది. ఎప్పట్నుంచో అడుగుతున్న ఓ షావుకారుకి దాన్ని పంపించాడు. నాలుగో రోజున ఆయన గొడుగాయన్ని వెంటబెట్టుకుని వచ్చి, ఎవరో మీ పేరుతో మోసం చేస్తున్నారు, దీనికి నోరుంది అన్నాడు. గొడుగాయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, నకిలీయే అని తేల్చాడు. మీ తాత ఎదురుగానే తేల్చాడు. మీ తాత కుంచె తీసి ఆ నోటి మీద రంగు పూసేశాడు. షావుకారు దణ్ణం పెట్టి పట్టుకుపోయాడు. ఆ సాయంత్రం వాడు నా కొట్టు మెట్టు మీద కూర్చుని, "ఒక్క నోరన్నా వేసి పోవాలిరా. నీదే వేస్తా, ఆగిన చోటునుంచే" అన్నాడు. ఈ సంగతి ఎవరితోనూ అనకన్నాడు. అనలేదమ్మా. రేడియోగాడు ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్నది ఇదొక్కటే.

చివరికి మంచం పట్టాక కబురు పంపాడు. నీకప్పుడు రెండేళ్ళు, ఈ గదిలోనే పాకుతూ పరిగెత్తుతూ ఉన్నావు. వాడు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు, ఒళ్ళో అట్ట, దాని మీద కాగితం. నా కళ్ళు, ముక్కు, గాటున్న చెవి, అన్నీ నన్ను చూడకుండానే వేసేశాడు. "ఒక్క పావుగంట మూసుకోరా" అన్నాడు. మూసుకున్నాను. నిజంగానే మూసుకున్నాను, మీ నానమ్మ గుమ్మంలోంచి చూసి, ఒంట్లో బాగాలేదేమోనని నా నుదురు పట్టుకు చూసింది. కానీ తల్లీ, నేను మాట్లాడకపోయేసరికి వాడి ఊపిరి వినపడింది. ఈల వేసినట్టు, మధ్యలో ఎక్కడో ఆగి, మళ్ళీ. అన్నేళ్ళు పక్కపక్కనున్నాం, నా వాగుడులో వాడి ఊపిరి ఎప్పుడూ వినలేదు. భయమేసింది. ఏడుపొచ్చింది. ఏడిస్తే వాడికి తెలిసిపోతుందని, నీ చొక్కా వదులైందిరా, రెండంగుళాలు లోపలికి కుట్టి తెస్తాను అని మొదలెట్టాను. ఇక ఆపలేదు. చాలాసేపు వాగాను. వాడు పెన్సిలు కింద పెట్టి నవ్వాడు. రేపు వేద్దాంలే అన్నాడు. ఆ రేపు రాలేదమ్మా. తర్వాత సంతాపసభకి పెద్దపెద్దవాళ్ళొచ్చి, మౌనాన్ని వేసిన మహానుభావుడని మైకులో చెప్తుంటే, నేను వెనక వరసలో పెదాలు బిగించుకుని కూర్చున్నాను. అప్పుడు మూసుకుని ఏం లాభం, పావుగంట ఓర్చుకోవాల్సినప్పుడు ఓర్చుకోలేనివాణ్ణి.

ఆ చొక్కా ఇంకా నా దగ్గరే ఉంది. రెండంగుళాలు లోపలికి కుట్టేశాను కూడా, ఎవరికని కుట్టానో... ఏమిటి? కళ్ళయిపోయాయా? చెవి మీద గాటు వేశావా? ఏదీ, ఇటు తిప్పు. అచ్చం మీ తాత చెయ్యే. ఇక్కడేమిటి, ఖాళీగా... ఓహో. అక్కడిదాకా వచ్చేశావా. ఉండు, సరిగ్గా కూర్చోనీ. పావుగంట సరిపోతుందా నీకు? అరగంట తీసుకో. అన్నట్టు ఆ మేనమామ ఇల్లు, స్లాబు పడ్డాక ఏమైందంటే... లేదు. ఏం లేదు. వెయ్యమ్మా.